సెలవుల్లో పనికిరాని తగ్గింపు
థీమ్ పార్కు ఏడాది పాస్ కొంటే వాళ్ల హోటల్ గదుల మీద ఇచ్చే తగ్గింపుతోనే పాస్ ఖరీదు వెనక్కి వచ్చేస్తుందని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మాది విజయనగరం, అమ్మాయి వాళ్లు అమెరికాలో ఉంటారు. ఓర్లాండోలో ఒక పార్కుకి పాస్ తీసుకున్నారు. మేం వెళ్లినప్పుడు క్రిస్మస్ సెలవుల్లో గది బుక్ చేయబోతే ఆ తేదీలకు తగ్గింపు లేదన్నారు. మనవలకు బడి సెలవులు ఉండేదే అప్పుడు! తగ్గింపు ఉన్న రోజుల్లోనూ ఆ ధరకి ఇచ్చే గదులు కొన్నే, అవీ ముందే అయిపోతాయి. పైగా తగ్గించిన ధర మీద అక్కడ 12.5 శాతం పన్ను విడిగా పడుతుంది, ఆ సంగతి వ్యాసంలో లేనే లేదు. తర్వాతి ఏడాది మా పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూసుకుని నవంబరులో వెళ్లాం. తగ్గింపు గది దొరికింది గానీ, పార్కు బయట వంటగది ఉన్న గది ఇంకా చవగ్గా వచ్చింది. అదే తీసుకున్నాం. రాత్రి తిరిగొచ్చాక వేడివేడి పప్పన్నం తినడం పెద్దవాళ్లకి ఎంత హాయో చెప్పలేను. గది తగ్గింపు కోసం ఇంటిల్లిపాదికీ పాస్ కొనక్కర్లేదని వ్యాసంలో అన్న మాట మాత్రం నిజమే, మాకు దొరికిన ఆ తగ్గింపు గదికి ఒక్కరి పాస్ సరిపోయేది.