ఇరవై రెండో స్థానంలో వేప

మా అపార్ట్‌మెంటు గేటు పక్కనున్న వేపచెట్టును నిరుడు కొట్టించాం. సమావేశంలో దాని మీద మోపిన నేరాలు మూడు: కార్ల మీద ఆకులు రాల్చడం, కాకులకు ఆశ్రయమివ్వడం, పండ్ల కాలంలో నేలంతా జిగట చేయడం. చెట్టు తరఫున ఎవరూ మాట్లాడలేదు. నేనూ చెయ్యెత్తాను. నా కారు తెల్లది.

ఆ సాయంత్రమే వేప ఫేస్‌వాష్ కొన్నాను. చెట్టు పోయినా వేప పోకూడదు కదా! ఆంధ్రప్రదేశ్ 2018లో దాన్ని రాష్ట్ర వృక్షంగా కూడా ప్రకటించుకుంది.

సీసా మీద ఆకు నిగనిగలాడుతోంది. మా గేటు చెట్టుకు అంత శుభ్రమైన ఆకు ఒక్కటీ ఉండేది కాదు. వెనక్కి తిప్పి భూతద్దం పెట్టాను. మొదట నీళ్లు. తర్వాత నురుగు పుట్టించేవి, చిక్కదనం ఇచ్చేవి, నిలవ ఉంచేవి. ఇరవై రెండో స్థానంలో, సువాసన తర్వాత, రంగుకు కాస్త ముందు, ‘అజాడిరాక్టా ఇండికా లీఫ్ ఎక్స్‌ట్రాక్ట్’, అంటే వేపాకు సారం. ఒక శాతానికి మించిన పదార్థాలను ఎక్కువ తక్కువల వరుసలో రాయాలని నియమం. ఆ లోపువాటిని ఎలాగైనా రాసుకోవచ్చు. శుభలేఖ అడుగున ‘మా మామయ్య పెళ్లికి తప్పక రండి’ అనే చిన్నారుల పక్కన కూర్చుంది వేప. అట్ట మీద మాత్రం తనే పెళ్లికొడుకు.

పరిశోధన కోసం ఒక చుక్క నాలుకకు అంటించుకున్నాను. సబ్బు రుచి. చేదు జాడ లేదు. వేపకు పాలు పోసి పెంచినా చేదు పోదనేవారు పెద్దలు. పరిశ్రమ నీళ్లు పోసి పోగొట్టింది.

వేపాకులో గుణం లేదని కాదు. నింబిన్, క్వెర్సెటిన్ వంటి రసాయనాలు ఉన్నాయి. ప్రయోగశాల పళ్లెంలో ఆకు సారం కొన్ని సూక్ష్మజీవులను అణచిన మాటా నిజమే. అయితే పళ్లెంలోని సూక్ష్మజీవి ఎక్కడికీ పోలేదు. నా తల మీది వేప షాంపూ రెండు నిమిషాల్లో నురుగై కాలువలోకి పోతుంది. ఆ లెక్కన మా డ్రైనేజీకి చుండ్రు ఉండకూడదు.

నాకు అసలు అసూయ యూరియా మీద. దేశంలో తయారయ్యే యూరియా మొత్తానికీ వేపనూనె పూత ఉండాలని 2015లో కేంద్రం ఆదేశించింది. ఎరువు బస్తాకు దక్కిన గౌరవం నా మొహానికి దక్కలేదు.

పోరాడక కాదు. వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖ, గ్రేస్ కంపెనీ తెచ్చుకున్న యూరప్ పేటెంటుపై పదేళ్లు వాదించి, 2005లో దాని రద్దును ఖాయం చేయించాం. ‘ఇది మా రైతులకు ముందునుంచీ తెలిసిన పెరటి విద్య’ అన్నది మన వాదం. గెలిచాం. ఇప్పుడు విద్య ఉంది, పెరడు లేదు.

అమ్మకు ఫోను చేసి సీసా సంగతి చెప్పాను. చిన్నప్పుడు నాకు ఆటలమ్మ పోసినప్పుడు వేపాకుల మీద పడుకోబెట్టి, ఆకులు మరిగించిన నీళ్లు పోసిన మనిషి. ఆ తర్వాత మొటిమల కాలంలో పసుపు వేసి నూరిన ఆకు పట్టించేది. అది ఆరేకొద్దీ చెంపలు బిగుసుకుపోయేవి, నవ్వితే పచ్చటి పెచ్చులు ఒళ్లో రాలేవి. మొటిమలు తగ్గాయో లేదో గుర్తు లేదు కానీ, వాసనకు ఎవరూ దగ్గరికి రాకపోవడం వల్ల చదువు మాత్రం సాగింది.

“ఎంత పెట్టి కొన్నావురా?” అంది. చెప్పాను. “మరి చెట్టు కొట్టినవాడికి ఎంతిచ్చారు?” అంది. అదీ చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఈ ఉగాది పొద్దున మా అసోసియేషన్ కార్యదర్శి గారు స్టీలు గిన్నెతో తలుపు తట్టారు.

“పచ్చడికి కాస్త వేపపువ్వు ఉందా అండీ? బజారులో అయిపోయిందట.”

లోపలికి వెళ్లి సీసా తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన నుదుటి మీది కళ్లజోడు దించుకుని, వెనక్కి తిప్పి, పైనుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు.