లంగరు ఎత్తలేని ఓడ

ఓడ అన్నాక కదలాలి. 1804లో బ్రిటిష్ నౌకాదళం మాత్రం అంగుళం కూడా కదలని ఒక కొండరాయిని తన ఓడల లెక్కలో కలుపుకుంది. వెస్టిండీస్‌లోని మార్టినిక్ దీవికి దక్షిణాన సముద్రంలోంచి నిటారుగా లేచిన డైమండ్ రాక్ అది. ఎత్తు 175 మీటర్లు, తాగడానికి చుక్క నీరు దొరకదు.

మార్టినిక్ అప్పట్లో ఫ్రెంచివారి చేతిలో ఉంది. దాని రేవులను దిగ్బంధించే పని కమొడోర్ శామ్యూల్ హుడ్‌ది. (పదేళ్ల తర్వాత మన మద్రాసులో కన్నుమూసిన హుడ్ ఈయనే.) గస్తీకి ఓడలు చాలలేదు. రాయికీ తీరానికీ మధ్య ఉన్న దారి మూస్తే శత్రువుకు చుట్టుతిరుగుడు తప్పదని లెక్కవేసి, జనవరిలో మనుషుల్ని దించాడు. తన ఓడ సెంటార్ నుంచి రాయి మీదికి లావుపాటి మోకు కట్టించి, దానికి ఫిరంగులను వేలాడదీసి పైకి లాగించాడు. శిఖరాన 18 పౌండ్ల గుండ్లు పేల్చే ఫిరంగులు రెండు, కింద 24 పౌండ్లవి. కొండ గుహలే నావికులకు ఇళ్లు, ఆసుపత్రి.

ఆ రాయికి స్లూప్, అంటే చిన్న యుద్ధనౌక హోదా ఇవ్వడాన్ని ఆంగ్లేయుల చమత్కారంగా చెప్పుకుంటారు. నాకు అందులో చమత్కారం కన్నా గుమస్తా బుర్ర ఎక్కువగా కనిపిస్తుంది. ఓడ పుస్తకంలో పేరు ఉంటేనే నావికుడికి జీతం, తిండి, రమ్ము. తప్పు చేస్తే శిక్ష. రాయిని ఓడ అనేస్తే అన్నీ పాత పద్ధతిలోనే నడిచిపోతాయి, కొత్త నిబంధనలు రాసే పని ఉండదు. ఫిరంగుల్ని లాగింది మోకైతే, మనుషుల్ని పదిహేడు నెలలు అక్కడ నిలబెట్టింది ఈ కాగితమే.

కాగితం నీళ్లు మాత్రం పుట్టించలేదు. మంచినీళ్లు పడవల్లో తెచ్చి తొట్టిలో నింపాల్సిందే. 1805 మేలో ఫ్రెంచి అడ్మిరల్ విల్‌నవ్ ఫ్రెంచి, స్పానిష్ ఓడలతో మార్టినిక్ చేరాడు. నెలాఖరున రెండు పెద్ద యుద్ధనౌకలు, చిన్న ఓడలు, కొన్ని వందల సైనికులు రాయిని చుట్టుముట్టారు. మామూలు స్లూప్ అయితే తెరచాపలెత్తి తప్పించుకునేది. ఇది ఎక్కడికి పోతుంది? తొట్టి పగిలి నీరు కారిపోయింది, మందుగుండు నిండుకుంది. జూన్ 2న అధిపతి జేమ్స్ మారిస్ లొంగిపోయాడు. ఉన్న వంద మంది పైచిలుకులో చనిపోయింది ఇద్దరే.

ఈ రాయే విల్‌నవ్‌ను ఆపి, అదే ఏడాది ట్రఫాల్గర్ సముద్ర యుద్ధంలో బ్రిటిష్ విజయానికి బాట వేసిందని వాదించేవారున్నారు. నేను ఒప్పుకోను. ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ రేవు నుంచి ఫ్రెంచి అడ్మిరల్ గాంతోమ్ నౌకాదళం వచ్చి కలుస్తుందని విల్‌నవ్ ఎలాగూ అక్కడే ఎదురుచూస్తున్నాడు. ఆ దళం రేవు దాటలేకపోయింది. ఖాళీగా ఉన్నవాడికి రాయి ఒక పని కల్పించింది, అంతే. బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ వచ్చాడని తెలిశాకే అతను యూరప్ దారి పట్టాడు.

ఓడను పోగొట్టుకున్న అధిపతి సైనిక న్యాయస్థానం ముందు నిలబడాలని నియమం. రాయిని పోగొట్టుకున్న మారిస్ కూడా నిలబడ్డాడు, గౌరవంగా నిర్దోషిగా బయటపడ్డాడు. 1811లో ఆయన మరో దీవిని కాపాడాల్సి వచ్చింది. ఈసారి ఆన్‌హోల్ట్, డెన్మార్క్ దగ్గరి ఇసుక దీవి. డేన్‌ల దాడిని తిప్పికొట్టాడు. అక్కడ ఆయనకు టార్టార్, షెల్‌డ్రేక్ అనే రెండు ఓడలు తోడొచ్చాయి. ఆ రెండూ కదిలేవే.