పాయింట్లన్నీ రాసే పిల్లలు ‘ఎందుకు’ దగ్గర ఎందుకు ఆగిపోతున్నారు?

డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు మూడేళ్ల కిందట తెలంగాణ సర్కారు పెట్టుబడి సాయం పథకం రైతుబంధును విశ్లేషించమని అసైన్‌మెంట్ ఇచ్చాను. ఉపోద్ఘాతం, లక్ష్యాలు, ప్రయోజనాలు, ముగింపు. సైడ్ హెడింగుల కింద స్కెచ్ పెన్ గీతలు. 2018 మేలో మొదలైంది, సీజన్‌కు ఎకరానికి 4 వేలు, తర్వాత 5 వేలు. ఒక్క తప్పు లేదు, విశ్లేషణ అనదగ్గ వాక్యమూ లేదు.

పిల్లల్ని అని లాభం లేదు. ఇంటర్ రెండేళ్లూ గైడులో ఉన్నది ఉన్నట్టు దించడమే నేర్పాం. సొంత మాట రాస్తే మార్కులు పోతాయని భయపెట్టాం. డిగ్రీలో చేరగానే ‘నీ అభిప్రాయం రాయి’ అంటే చెయ్యి ఎట్లా ఆడుతుంది?

ఒకమ్మాయి కాగితం పట్టుకొచ్చి, ‘ఇంకేం రాయాల్నో తెలుస్తలేదు సార్’ అంది. మీ ఇంట్లో ఆ డబ్బు పడిందా అని అడిగాను.

‘మాకు పడలే సార్. మా నాన్న కౌలుకు చేస్తడు. పైసలు పట్టా ఉన్నాయనకు పడ్డయి.’

‘మరి కౌలేమన్నా తగ్గించాడా?’

‘లేదు సార్, తర్వాతేడు పెంచిండు.’

అదే రాయమన్నాను. ‘ఇది గూడ రాయొచ్చా సార్?’ అంది. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. తన ఇంట్లో కళ్లారా చూసింది చదువు కిందికి రాదని ఆ పిల్లకు ఎవరు చెప్పారు?

మర్నాడు ఇలా రాసుకొచ్చింది: ‘పెట్టుబడి సాయం పెట్టుబడి పెట్టేవాళ్లకు కాకుండా పట్టా ఉన్నవాళ్లకు పోయింది.’ గట్టి వాక్యం. పక్కన రెండు ప్రశ్నలు రాసిచ్చాను: అందరి సంగతీ ఇంతేనా? సర్కారు పట్టానే ఎందుకు చూసింది?

ఆదివారం ఊరికి పోయి నాలుగు కౌలు కుటుంబాలను అడిగింది. ఒక ఇంట్లో భూమి యజమాని సగం డబ్బు ఇచ్చాడు. దాంతో వాక్యం మారింది: ‘మా ఊళ్లో నేనడిగిన నాలుగు కుటుంబాల్లో మూడింటికి ఏమీ అందలేదు.’ రెండో ప్రశ్నకు జవాబు కొంచెం కష్టపడి వెతికింది. 2017లో భూ రికార్డులు సరిచేశారు, పట్టాదారుల జాబితా చేతిలో ఉంది. కౌలు ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తుంది, కాగితం ఉండదు. అంటే తను తప్పుపడుతున్న నిర్ణయానికీ ఒక కారణం ఉందని తనే రాసింది. అయినా తన మాట వెనక్కి తీసుకోలేదు.

నా దృష్టిలో ధైర్యం వచ్చింది అక్కడే. గట్టిగా రాసిన రోజు కాదు, తన మాట ఎంతవరకు నిలబడుతుందో తెలిసిన రోజు.

భాష సంగతి కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియమే. ఇక్కడ తెలంగాణలోనూ చాలామంది అటే పోతున్నారు. ఆలోచన ఒక కొలిక్కి రాకముందే గ్రామర్ టెన్షన్ మీద పడితే పిల్లలు మళ్లీ గైడు వాక్యాల్లోకే పరిగెత్తుతారు. మొదటి డ్రాఫ్ట్ తెలుగులో రాయనివ్వండి, ఇంటి యాసలోనైనా సరే.

మా లెక్చరర్ల పని ఇంకా కష్టం. అరవై కాగితాల పక్కన అరవై రకాల ప్రశ్నలు రాయాలంటే టైమ్ చాలదు, నిజమే. కనీసం సెమిస్టర్‌కు ఒక్క అసైన్‌మెంటైనా రెండుసార్లు రాయించి, మొదటిదానికీ రెండోదానికీ మధ్య వచ్చిన మార్పుకు మార్కులు వేద్దాం. ఇంటర్నల్ మార్కులు వేసేది మనమే కదా.