అప్‌డేట్లు ఆపేస్తే పీసీ బాగుపడుతుందా? ఆరు సూత్రాల మెసేజ్‌కి జవాబు

"విండోస్ అప్‌డేట్లు పూర్తిగా ఆపేయండి, మీ పీసీ పదేళ్ళయినా కొత్తదానిలా పరిగెడుతుంది." ఇలా మొదలయ్యే మెసేజ్ ఒకటి చాలాకాలంగా గ్రూపుల్లో తిరుగుతోంది. కింద ఆరు సూత్రాలుంటాయి. చదివినవాళ్ళు "భలే చెప్పాడు" అనుకుని ఇంకో పదిమందికి పంపిస్తారు.

పంపేవాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. పని మధ్యలో ఉండగా తెర మారిపోయి, "కంప్యూటర్ ఆఫ్ చేయకండి" అన్న అక్షరాల ముందు శాతాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాల్సి వస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. అయితే ఆ రీస్టార్ట్ మీద కోపాన్ని మొత్తం అప్‌డేట్ల మీద చూపించడం, ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే. సూత్రాలను వరసగా చూద్దాం.

"1. అప్‌డేట్లు వచ్చేదే పీసీని స్లో చేయడానికి. కొత్తది కొనిపించే ఎత్తుగడ."

అప్‌డేట్ అయిన వెంటనే పీసీ మందగించడం నిజమే. ఎందుకో తెలుసుకోవాలంటే టాస్క్ మేనేజర్ తెరిచి, సీపీయూ లేదా డిస్క్ అన్న శీర్షిక మీద నొక్కండి. ఎక్కువ వాడుతున్నవి పైకి వస్తాయి. అక్కడ 'విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్' కనిపిస్తే, అది ఇన్‌స్టాలేషన్ పనులు ముగించి పాత ఫైళ్ళు సర్దుతోందని అర్థం. '.నెట్ రన్‌టైమ్ ఆప్టిమైజేషన్ సర్వీస్' కనిపిస్తే, చాలా ప్రోగ్రాములు ఆధారపడే .నెట్ అనే విండోస్ భాగానికి అప్‌డేట్ వచ్చింది కాబట్టి దాని లైబ్రరీలను మీ ప్రాసెసర్‌కి తగ్గట్టు మళ్ళీ కంపైల్ చేస్తోందని అర్థం. ఎస్ఎస్‌డీ ఉంటే ఇదంతా మీకు తెలియకుండానే అయిపోతుంది. పాత హార్డ్ డిస్క్ అయితే డిస్క్ వాడకం 100 శాతానికి ఎక్కి మౌస్ కూడా కదలనట్టు ఉంటుంది. అప్పుడు చాలామంది చేసే పని, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయడం. సగంలో ఆగిన పని మళ్ళీ ఆన్ చేయగానే మొదలవుతుంది. "రోజూ స్లోగానే ఉంటోంది" అన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇలా పుట్టినవే. కాసేపు ఆన్‌లో వదిలేస్తే దాని పని అది ముగించుకుంటుంది.

నిజంగానే వేగం తగ్గించిన అప్‌డేట్లు లేవా అంటే, ఉన్నాయి. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు బయటపడ్డాయి. అవి విండోస్‌లో ఉన్నవి కావు, ప్రాసెసర్ల డిజైన్‌లోనే ఉన్నవి. వాటిని మూసేందుకు ఇచ్చిన ప్యాచ్‌ల వల్ల హాస్‌వెల్ అనే తరం, అంతకంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లున్న పీసీల్లో వేగం తగ్గడం కొంతమందికి తెలుస్తుందని మైక్రోసాఫ్టే అప్పట్లో చెప్పింది. కొనిపించడానికి దొంగచాటుగా చేసే పనిని ఎవరూ ఇలా ముందే ప్రకటించరు.

కొత్త పీసీ కొనాల్సి వస్తోందన్న బాధలో మాత్రం న్యాయం ఉంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. బాగా పనిచేస్తున్న పీసీలు కూడా టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు లేకనో, ప్రాసెసర్ జాబితాలో లేకనో విండోస్ 11కి పనికిరాకుండా పోయాయి. దాని మీద ఎంత గొడవ చేసినా తప్పులేదు. కానీ అది సపోర్ట్ విధానం గురించిన గొడవ. నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్‌ని ఆపేస్తే ఆ విధానం మారదు.

"2. అప్‌డేట్ వేస్తే ఫైళ్ళు పోతాయి, డిస్కులు కాలిపోతాయి."

ఇందులో సగం నిజం, సగం పుకారు కలిసిపోయాయి.

నిజం 2018 నాటిది. ఆ ఏడాది అక్టోబర్ 2న వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809 కొందరి డాక్యుమెంట్లు, ఫొటోలు తుడిచిపెట్టింది. డాక్యుమెంట్స్ వంటి ఫోల్డర్లను వేరే చోటికి మళ్ళించుకుని, పాతచోట కూడా ఫైళ్ళు ఉంచుకున్నవాళ్ళు నష్టపోయారు. కొద్ది రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసి, సరిచేసి, నవంబర్ 13న మళ్ళీ విడుదల చేసింది. అయితే అది నెలవారీ సెక్యూరిటీ ప్యాచ్ కాదు, పెద్ద వెర్షన్ మార్పు. పెద్ద వెర్షన్ రాగానే ఎగబడకుండా కొన్ని వారాలు ఆగమంటే నేనూ ఒప్పుకుంటాను. దాని ముందు బ్యాకప్ తీసుకోమంటే ఇంకా ఒప్పుకుంటాను.

పుకారు 2025 ఆగస్టుది. విండోస్ 11 24హెచ్2కి వచ్చిన కేబీ5063878 అనే అప్‌డేట్ ఎస్ఎస్‌డీలను చంపేస్తోందని వీడియోలు హోరెత్తాయి. ఎస్ఎస్‌డీలను నడిపే కంట్రోలర్ చిప్‌లు తయారుచేసే ఫైసన్ కంపెనీ 4,500 గంటలకు పైగా పరీక్షలు చేసినా ఆ సమస్యను పుట్టించలేకపోయానని చెప్పింది. మైక్రోసాఫ్ట్ కూడా తమ అప్‌డేట్‌కీ ఆ వైఫల్యాలకీ సంబంధం దొరకలేదని తేల్చింది. ఈ జవాబులకు ఆ వీడియోలంత ప్రచారం దక్కలేదు.

2024 జులై 19న దాదాపు 85 లక్షల విండోస్ పీసీలు నీలం తెరతో కూలబడిన ఘటనను కూడా ఈ సూత్రానికి రుజువుగా చూపిస్తుంటారు. అది విండోస్ అప్‌డేటే కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి దాని కంపెనీ పంపిన ఫైల్లో తప్పు. ఆ రోజు విండోస్ అప్‌డేట్లు ఆపేసి ఉన్న పీసీలో కూడా ఆ సాఫ్ట్‌వేర్ ఉంటే అది కూలేదే.

"నిన్న అప్‌డేట్ అయింది, ఇవాళ పాడైంది" అన్న వాదన వెనక ఎవరూ చూడని ఒక సంగతి ఉంది. చాలా పీసీల్లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటుంది. షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ తన కెర్నల్‌ని (అసలు మూలభాగాన్ని), డ్రైవర్లను ఉన్నవి ఉన్నట్టు డిస్క్‌లో దాచుకుని, మర్నాడు వాటినే తిరిగి లేపుతుంది. నిజంగా మొదటినుంచి బూట్ అయ్యేది రీస్టార్ట్ నొక్కినప్పుడే. రోజూ షట్‌డౌన్ మాత్రమే చేసేవాళ్ళకు, అప్‌డేట్ చేయించే రీస్టార్టే కొన్ని వారాల్లో మొదటి అసలు రీస్టార్ట్ కావచ్చు. ఎప్పటినుంచో ముదురుతున్న డిస్క్ జబ్బో, డ్రైవర్ తగాదానో ఆ రోజే బయటపడుతుంది. నింద అప్‌డేట్ మీద పడుతుంది.

అనుమానం తీర్చుకోవడం కష్టం కాదు. స్టార్ట్ నొక్కి 'రిలయబిలిటీ హిస్టరీ' అని ఇంగ్లిష్‌లో వెతకండి. రోజువారీ గ్రాఫ్ ఒకటి తెరుచుకుంటుంది. ప్రోగ్రామ్ కూలిన రోజున, పీసీ ఉన్నట్టుండి ఆగిపోయిన రోజున ఎర్ర గుర్తు ఉంటుంది. ఆ రోజు మీద నొక్కితే ఏది కూలిందో, ఏ అప్‌డేట్ పడిందో కింద పేర్లతో కనిపిస్తాయి. ఎర్ర గుర్తులు అప్‌డేట్ కంటే ముందే మొదలైతే ముద్దాయి వేరే. కచ్చితంగా ఆ తర్వాతే మొదలైతే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అప్‌డేట్ హిస్టరీ, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ వరసలో వెళ్ళి ఆ ఒక్కదాన్ని తీసేసి, కొన్నాళ్ళు పాజ్ పెట్టండి. అన్నిటినీ ఆపాల్సిన పనిలేదు.

"3. మంచి యాంటీవైరస్ ఉంటే ప్యాచ్‌లు అక్కర్లేదు."

దీనికి జవాబుగా వానాక్రై అనే రాన్సమ్‌వేర్ దాడి ఒక్కటి చాలు. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది. దాడి మే 12న మొదలైంది. మధ్యలో దాదాపు రెండు నెలల గడువు. ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే అది నెట్‌వర్క్‌లో ఒక పీసీ నుంచి ఇంకో పీసీకి పాకి, లక్షల మెషిన్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్ ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు, ఆపరేషన్లు రద్దయ్యాయి. యాంటీవైరస్ ఉండాల్సిందే, కానీ తలుపుకి గొళ్ళెం పెట్టడం దాని డ్యూటీ కాదు.

"4. సర్వీసెస్‌లో విండోస్ అప్‌డేట్‌ని డిసేబుల్ చేస్తే ఇక పీడ విరగడ."

విరగడ కాదు. అప్‌డేట్ వ్యవస్థకు దెబ్బ తగిలితే బాగుచేయడానికి 'విండోస్ అప్‌డేట్ మెడిక్ సర్వీస్' అని ఇంకోటి ఉంది. మీరు డిసేబుల్ చేసినదాన్ని అది మళ్ళీ లేపగలదు. అది లేవలేదనుకున్నా చిక్కే. మైక్రోసాఫ్ట్ స్టోర్ కూడా ఇదే సర్వీస్ మీద ఆధారపడుతుంది. స్టోర్‌లో యాప్ దిగకుండా 0ఎక్స్80070422 అనే ఎర్రర్ వస్తే, దాని అర్థం "ఈ సర్వీస్ డిసేబుల్ చేసి ఉంది" అని. ఇది మర్చిపోయి స్టోర్‌ని రిపేర్ చేస్తూ తంటాలు పడతారు.

అసలు బాధ పని మధ్యలో రీస్టార్ట్ అవడమే అయితే దానికి మందు సెట్టింగ్స్‌లోనే ఉంది. యాక్టివ్ అవర్స్‌లో రోజుకు 18 గంటల వరకు పెట్టుకోవచ్చు, ఆ సమయంలో అది తనంతట తాను రీస్టార్ట్ చేయదు. పాజ్ నొక్కితే ఐదు వారాల వరకు ఆగుతుంది. డేటా అయిపోతుందన్న టెన్షన్ ఉంటే ఆ వైఫైని మీటర్డ్ కనెక్షన్‌గా మార్చండి, చాలావరకు డౌన్‌లోడ్లు మిమ్మల్ని అడిగేదాకా ఆగుతాయి.

"5. పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్‌ని కదపొద్దు. పాత వెర్షనే మంచిది."

ఈ మాట పూర్తిగా తప్పని అనను. ఏదో పాత పరికరానికి కట్టేసిన పీసీ ఉండి, దాని డ్రైవర్ కొత్త విండోస్‌లో పనిచేయకపోతే, దాన్ని ఇంటర్నెట్‌కి దూరంగా ఉంచి అలాగే నడిపించుకోవడం తెలివైన పని. ఇబ్బందల్లా ఇంటర్నెట్‌లో ఉన్న పీసీకి కూడా అదే సూత్రం వాడటంతోనే.

జిప్, రార్ ఫైళ్ళు తెరిచే విన్‌రార్‌నే తీసుకోండి. ఎప్పుడో ఒకసారి వేసుకుని ఏళ్ళ తరబడి వాడుతుంటాం. దానికి తనంతట తాను అప్‌డేట్ అయ్యే ఏర్పాటు లేదు. విండోస్ అప్‌డేట్ దాన్ని ముట్టుకోదు. 2023లో అందులో ఒక లోపం బయటపడింది. జిప్ ఫైలు తెరిచి లోపలున్న మామూలు ఫొటోనో, పీడీఎఫ్‌నో డబుల్ క్లిక్ చేస్తే, దాని వెనక దాచిన స్క్రిప్ట్ నడిచేది. ఆగస్టులో 6.23 వెర్షన్‌తో దాన్ని సరిచేశారు, కానీ దొంగలు ఏప్రిల్ నుంచే వాడుకుంటున్నారు. 6.23 కంటే పాతది మీ పీసీలో ఉంటే ఆ లోపం ఇప్పటికీ అలాగే ఉంది, విండోస్‌కి ఎన్ని ప్యాచ్‌లు పడ్డా సరే. హెల్ప్ మెనూలో అబౌట్ నొక్కి వెర్షన్ చూడండి.

విండోస్ అప్‌డేట్ ఆన్‌లో ఉంది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్ళు కూడా పొరపడేది ఇక్కడే. వీడియో ప్లేయర్, పీడీఎఫ్ రీడర్, జావా లాంటివి విడిగా చూసుకోవాలి. విండోస్ 11లోనూ, కొత్త విండోస్ 10లోనూ వింగెట్ అనే పనిముట్టు ఉంది. టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి వింగెట్ పేరు, ఖాళీ వదిలి అప్‌గ్రేడ్ అనే మాట ఇంగ్లిష్‌లో కొడితే ఏ ప్రోగ్రామ్ ఏ వెర్షన్‌లో ఉంది, కొత్తది ఏది అన్నది పట్టికలా వస్తుంది. అన్నిటినీ ఒకేసారి అప్‌గ్రేడ్ చేసే మార్గం ఉన్నా, నేనైతే పట్టిక చదివి ఒక్కొక్కటే వేస్తాను. ఏదైనా తేడా వస్తే ఎవరి వల్లో వెంటనే తెలుస్తుంది.

"6. ఎర్రర్ వస్తే రిజిస్ట్రీ క్లీనర్, డ్రైవర్ అప్‌డేటర్ వేసుకోండి."

ఇంత చెప్పి అప్‌డేట్లను నమ్మొద్దన్నవాళ్ళు, ఊరూపేరూ లేని క్లీనర్‌కి అడ్మిన్ అధికారం ఇవ్వమంటున్నారు! ఊరూపేరూ ఉన్నవాటికీ పూచీ లేదు. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి హ్యాకర్లు మాల్‌వేర్ చొప్పించారు. కంపెనీ అధికారిక సైట్ నుంచే 20 లక్షలకు పైగా పీసీల్లోకి అది చేరింది. విండోస్, ప్రోగ్రాములు తమ సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో వాడని పద్దులు తీసేస్తే వేగం పెరగడం అంటూ ఏమీ ఉండదు, ఉపయోగపడే పద్దు ఒకటి పోతే మాత్రం పీసీ మొరాయిస్తుంది.

ఎర్రర్‌ని చదవకుండా మందు వేస్తే ఎలా ఉంటుందో 2024 జనవరిలో బాగా తెలిసింది. విండోస్ 10లో కేబీ5034441 అనే అప్‌డేట్ 0ఎక్స్80070643 అంటూ చాలామందికి ఫెయిలైంది. ఆ కోడ్‌కి అర్థం "ఇన్‌స్టాల్ కాలేదు" అనే తప్ప ఎందుకో చెప్పదు. అసలు కారణం, రిపేర్ పనిముట్ల కోసం డిస్క్‌లో విడిగా ఉండే రికవరీ పార్టిషన్‌లో ఖాళీ చాలకపోవడం. అక్కడ 250 ఎంబీ ఖాళీ కావాలి. ఏ క్లీనర్‌తో ఎంత ఊడ్చినా సీ డ్రైవ్‌లో జాగా వస్తుంది కానీ ఆ పార్టిషన్ పెరగదు. కోడ్‌తో పాటు కేబీ నంబర్ కూడా కలిపి మైక్రోసాఫ్ట్ పేజీలో వెతికినవాళ్ళకు కారణం దొరికింది.

ఫలానా కారణం అని తేలకపోతే, విండోస్‌తోనే వచ్చే పనిముట్లు రెండున్నాయి. రెండూ అడ్మిన్‌గా తెరిచిన టెర్మినల్‌లో నడిపే ఆదేశాలే. ముందు డిస్మ్‌తో రిస్టోర్ హెల్త్ నడపాలి, తర్వాత ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ. చెడిన ఫైలు స్థానంలో ఎస్ఎఫ్‌సీ పెట్టే మంచి కాపీ విండోస్ లోపలి గోదాము నుంచి వస్తుంది, ఆ గోదామును బాగుచేసేది డిస్మ్. వరస తిరగేస్తే చెడిన చోటునుంచే కాపీ తెచ్చుకునే ప్రమాదం ఉంది.

ఇప్పటికే అన్నీ ఆపేసుకున్నవాళ్ళకు: సర్వీసెస్‌లో విండోస్ అప్‌డేట్‌ని తిరిగి మాన్యువల్‌కి మార్చండి. సొంత పీసీలో కూడా అప్‌డేట్ పేజీలో "కొన్ని సెట్టింగులు మీ సంస్థ నియంత్రణలో ఉన్నాయి" అని ఇంగ్లిష్‌లో కనిపిస్తోందంటే, ఎక్కడో దొరికిన స్క్రిప్ట్ ఏదో రిజిస్ట్రీలో పాలసీ పెట్టి వెళ్ళి ఉండొచ్చు, అది కూడా తీయాలి. కొన్ని స్క్రిప్ట్‌లు హోస్ట్స్ ఫైల్లో మైక్రోసాఫ్ట్ సర్వర్ల పేర్లు రాసి దారి మూసేస్తాయి, ఆ వరసలు చెరిపేయండి. తర్వాత చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కండి. తప్పిన నెలలన్నీ ఒక్కొక్కటే వేయక్కర్లేదు, తాజా నెలవారీ ప్యాచ్‌లో పాతవన్నీ కలిసే వస్తాయి. వెతుకుతూ గంటల తరబడి అక్కడే ఆగిపోతే, విండోస్ అప్‌డేట్, బిట్స్ (వెనకాల డౌన్‌లోడ్లు చేసేది) సర్వీసులు రెండూ ఆపి, విండోస్ ఫోల్డర్‌లోని సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్ పేరు మార్చి, మళ్ళీ రీస్టార్ట్ చేయండి. విండోస్ కొత్తది తయారుచేసుకుంటుంది. అప్‌డేట్ హిస్టరీ పేజీ ఖాళీగా కనిపిస్తే కంగారు పడకండి, పోయింది చిట్టా మాత్రమే. వేసిన ప్యాచ్‌లు పీసీలోనే ఉంటాయి.