గుట్టను ‘ఖరాబు’ అన్న చోటే తప్పు మొదలైంది

మా ఊరి గుట్టకు పేరంటూ లేదు. అందరూ ‘గుట్ట’ అనేవాళ్లు, అంతే. ఎండాకాలం సెలవుల్లో పొద్దున్నే సద్ది తిని ఎక్కితే, బండ అరికాళ్లు కాల్చేదాకా దిగేవాళ్లం కాదు. రెండు గుండ్ల మధ్య సందులో ఊపిరి బిగబట్టి పక్కకు దూరితే అవతల చల్లటి సొరికె. ఆ చీకట్లో రెండు పలుగురాళ్లు తీసుకుని ఒకదానికొకటి గట్టిగా రాస్తే రాయి మెరిసేది, ఏదో కాలిన వాసన వచ్చేది. ఎందుకలా మెరుస్తుందో బడిలో ఎవరూ చెప్పలేదు. కానీ ‘ఎందుకు’ అని అడగడం నాకు అలవాటైంది అక్కడే.

గుండు మీద గుండు ఎవరు పెట్టారంటే భీముడు పెట్టాడనేది మా నాయనమ్మ. నిజానికి ఎవరూ పెట్టలేదు. తెలంగాణ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల కరిగిన రాయి చల్లారి గట్టిపడింది, పైనున్నదంతా కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయాక బయటపడింది. పగుళ్లలో నీరు దిగి, అంచులు అరిగి, ఉల్లిపాయలా పొరలు ఊడుతూ గుండ్రంగా మారింది. ఈ సంగతి పెద్దయ్యాక చదివాను. కానీ ఊడబోయే పొర ఎక్కడుందో మాకు ముందే తెలుసు. కాలితో తడితే డొల్లగా మోగేది. దాని మీద బరువు వేయొద్దని పెద్దపిల్లలు నేర్పేవాళ్లు.

ఇంత నేర్పిన జాగాను రెవెన్యూ భాషలో ‘పోట్ ఖరాబు’ అంటారు. సాగుకు పనికిరానిది, కాబట్టి శిస్తు లేదు. పన్ను లెక్క కోసం పుట్టిన ఆ మాట రానురాను భూమి విలువనే తేల్చేసింది. బండ మీద పడిన వాన కింది కుంటలోకి దిగుతుంది. పగుళ్లలో సీతాఫలం చెట్లు బతుకుతాయి, మేకలు మేస్తాయి. రికార్డులో వీటికి గడి లేదు. అందుకే క్వారీ లీజు వచ్చినప్పుడు ఊరు ఏం పోగొట్టుకుంటుందో కాగితం మీద కనిపించదు.

రాయి వద్దని నేననను. మన ఇళ్లు, రోడ్లు దానితోనే కట్టుకున్నాం. కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ విదేశాలకు పోతోంది, దాని మీద ఎందరో బతుకుతున్నారు. ఏ గుట్టను తవ్వాలి, ఏది వదలాలి అన్నది గ్రామసభలో తేలాలంటున్నా.

హైదరాబాద్‌లో సొసైటీ టు సేవ్ రాక్స్ 1996 నుంచి రాళ్ల కోసం పోరాడుతోంది. సెంట్రల్ యూనివర్సిటీలోని పుట్టగొడుగు రాయి లాంటి వింత ఆకారాలను జనం గుర్తుపెట్టుకున్నారు. పైన కోటో గుడో ఉన్న గుట్టకూ కొంత రక్ష ఉంటుంది. ఏ వింతా లేని ఊరి గుట్టకే దిక్కు లేదు. పిల్లలకు కావాల్సింది మాత్రం అదే, నడిచి వెళ్లి ఎక్కగలిగేది. మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె కొండలెక్కడం నేర్చుకోవడం మొదలుపెట్టింది భువనగిరి బండ మీదే. మిగతా పిల్లలు ఎవరెస్ట్ దాకా పోనక్కర్లేదు, బండ అందుబాటులో ఉంటే చాలు.

పాములుంటాయి, జారిపడతారు అని తల్లిదండ్రులకు టెన్షన్. అది న్యాయమే. కానీ గుట్ట వాలుగా ఉంటుంది, పట్టు దొరుకుతుంది. వదిలేసిన క్వారీ గుంత అలా కాదు. నిలువు గోడలు, అడుగు తెలియని నీళ్లు, పడితే కాలు ఆనించే చోటు ఉండదు. పిల్లలకు అసలు ప్రమాదం గుట్టను తీసేసిన చోటే ఉంది.

మొన్న ఊరెళ్లినప్పుడు రోడ్డు పక్క కంకర కుప్పలో రెండు పలుగురాళ్లు దొరికాయి. రాత్రి లైట్ ఆపి మా పాపకు రాసి చూపించాను. మెరిశాయి. “ఇవి ఎక్కడ దొరుకుతాయి నాన్నా, పోదాం పా” అంది. పొద్దున తీసుకెళ్లాను. క్వారీ గేటు దగ్గర ఆపేశారు.