సవరణ: వైరల్ లోడ్ సప్రెస్ అయితే హెచ్‌ఐవీ పోయినట్టు కాదు

‘వైరల్ లోడ్ సప్రెస్ అయింది అని రిపోర్టు వస్తే వైరస్ పోయినట్టే’ అని మొన్నటి పోస్టులో రాశాను, అది తప్పు. వైరల్ లోడ్ అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే లెక్క. విశాఖలోనే ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపు చేసే మందుల చికిత్స) కౌన్సెలింగ్ చేసే ఒకరు చెప్పాక ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన వివరణ కూడా చూశాను.

సప్రెస్ అంటే మందుల వల్ల వైరస్ అదుపులో ఉందని, మిల్లీలీటరు రక్తంలో 1000 వైరస్ కాపీలు లేదా అంతకంటే తక్కువ అని. పరీక్షకు అసలు దొరక్కపోతే దాన్ని ‘అన్‌డిటెక్టబుల్’ అంటారు, మందులు క్రమం తప్పకుండా వేసుకుంటూ ఆ స్థితిలో ఉన్నవాళ్ల నుంచి లైంగికంగా భాగస్వామికి సోకదు, ఇది నిజంగా పెద్ద ఊరట. కానీ అప్పుడు కూడా కొన్ని సీడీ4 కణాల్లో (ఇమ్యూనిటీకి కీలకమైన తెల్ల రక్తకణాలు) వైరస్ దాగి ఉంటుంది, మందులు మానేస్తే చాలామందిలో కొన్ని వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది. కాబట్టి నా పోస్టు చూసి ఎవరూ మందులు ఆపకండి, దయచేసి.

కామెంట్లలో కొందరు ‘సప్రెస్’ అంటే ఇమ్యూనిటీ తగ్గించడం అనుకున్నారు. అది ఇమ్యూనోసప్రెషన్, కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా ఇచ్చే మందుల సంగతి. ఏఆర్‌టీ మందులు వైరస్‌నే అణిచిపెడతాయి, ఇమ్యూనిటీ దానివల్ల కోలుకుంటుంది.

విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఏఆర్‌టీ సెంటర్‌లో ఈ మందులు ఉచితం. అనుమానాలుంటే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయొచ్చు. పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.