సవరణ: ఆ గుండె చప్పుడు ఎవరిది?

ఆదివారం కడప ఏడురోడ్ల దగ్గర మిత్రుడి గదిలో బీటిల్స్ సంగీత బృందానికి చెందిన జాన్ లెనన్, కళాకారిణి యోకో ఓనో దంపతుల ‘వెడ్డింగ్ ఆల్బమ్’ (1969) విన్నాం. అందులో వినిపించేది వాళ్లకు పుట్టకుండానే పోయిన బిడ్డ గుండె చప్పుడని ఇక్కడ రాశాను. అది తప్పు, రెండు రికార్డులను కలిపేశాను. ఒకరు చెప్పాక ఆల్బమ్ వివరాలు మళ్లీ చూశాను.

‘వెడ్డింగ్ ఆల్బమ్’ మొదటి వైపున ఉన్నవి వాళ్లిద్దరి గుండె చప్పుళ్లే. వాటి మీద 20 నిమిషాలకు పైగా ఒకరి పేరు ఒకరు పిలుచుకుంటూనే ఉంటారు, ఒకసారి మెల్లగా, ఒకసారి అరిచి. బిడ్డ గుండె చప్పుడు అదే ఏడాది మేలో వచ్చిన వాళ్ల ఇంకో ఆల్బమ్ ‘లైఫ్ విత్ ద లయన్స్’లోది. 1968 నవంబరులో లండన్ ఆసుపత్రిలో రికార్డు చేశారు. దాని వెంటనే రెండు నిమిషాల నిశ్శబ్దం ఉంటుంది. పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.